ధైర్యం తర్వాత, ముందు ఒక బాబాయిని వెతుక్కోండి

డిగ్రీ అయిపోయింది, ఉద్యోగం, రూమ్ అన్నీ కొత్తే, టెన్షన్‌గా ఉంది, మీరెలా నెట్టుకొచ్చారు అని ఒకరు అడిగారు. ఇలాంటి ప్రశ్న కనబడగానే అందరూ ధైర్యంగా ఉండమంటారు. నన్నడిగితే ధైర్యం తర్వాత సంగతి. చేరిన చోట ఏళ్ల తరబడి పనిచేస్తున్న మనిషిని ఒకరిని పట్టుకోండి. ఆయన మేనేజరు కాకపోతే మరీ మంచిది.

నేను వైజాగ్ మద్దిలపాలెంలో బీఎస్సీ కెమిస్ట్రీ చదివి, పరవాడ ఫార్మా సిటీలో ఒక కంపెనీలో ప్రొడక్షన్ కెమిస్టుగా చేరాను. మా చుట్టాల దృష్టిలో వైజాగ్‌లో ఉద్యోగమంటే రుషికొండ మీద కంప్యూటర్ ముందు కూర్చోవడమే. "పరవాడా? అక్కడ వాసనొస్తుందట కదా!" అని మా అత్తయ్య పెళ్లి భోజనాల దగ్గర అందరూ వినేలా అంది. వస్తుంది, కాదనను. ఆవిడ రోజూ వేసుకునే బీపీ మాత్ర మందు కూడా అలాంటి చోటే తయారవుతుందని ఎవరు చెప్పాలి?

కొన్నాళ్లు జనరల్ షిఫ్టులో, ఏ పని ఎలా చేయాలో రాసి ఉండే ఎస్‌ఓపీలు చదివించి, ఓ రోజు సి షిఫ్టుకి వేశారు. రాత్రి 10 నుంచి పొద్దున్న 6 దాకా. కూర్మన్నపాలెంలో కంపెనీ బస్సెక్కితే, లంకెలపాలెం జంక్షన్ వచ్చేసరికి నేను తప్ప అందరూ నిద్రే. ప్లాంటులోకి వెళ్లాక పక్క బ్లాకులో ఏదో పంపు ఆగిందని షిఫ్ట్ ఇన్‌చార్జి వెళ్లిపోయాడు. మిగిలింది నేను, ఒక ఆపరేటరు. మా నాన్న వయసు ఉంటుంది. నన్ను "సార్" అంటుంటే ఎక్కడ చూడాలో తెలియలేదు.

కాలేజీలో నేను బ్యూరెట్ నుంచి చుక్కలు వదిలింది చిన్న ఫ్లాస్కులోకి. ఇక్కడ ఎదురుగా 3,000 లీటర్ల రియాక్టరు. అందులోకి కెమికల్ కొంచెం కొంచెంగా వదలాలి. కలిసేకొద్దీ వేడి పుడుతుంది, అందుకే చుట్టూ ఉండే తొడుగు, అంటే జాకెట్‌లో చల్లటి బ్రైన్ (ఉప్పునీళ్లు) తిరుగుతుంటుంది. 10 డిగ్రీలు దాటకూడదని బ్యాచ్ తయారీ రికార్డు బీఎంఆర్‌లో రాసుంది. 7 ఉన్నది 8 అయింది, ఎనిమిదిన్నర అయింది. ఇన్‌చార్జి కోసం ఇంటర్‌కమ్ కొడితే ఎవరూ ఎత్తరు. 9 చూసి వాల్వు వైపు తిరిగాను. ఆపరేటరు చెయ్యి అప్పటికే దాని మీద ఉంది.

"అడిషన్ ఆపేసాను సార్. మీరేటి అలగ బెదిరిపోతన్నారు? కాసేపు బ్రైన్ తిరగనీండి, అదే దిగిపోద్ది. ముందు టైము రాసీండి."

దిగింది. మళ్లీ మొదలుపెట్టాం, ఈసారి ఇంకా సన్నగా. మూడింటికి క్యాంటీన్‌లో టీ తాగుతూ నోరుజారి "బాబాయ్" అనేశాను. "డ్యూటీలో ఆపరేటరే సార్. బస్సులో బాబాయ్ అనండి," అన్నాడు. నవ్వలేదు కూడా.

ఆ తర్వాత నేను నేర్చుకున్నదంతా బస్సులోనే. బీఎంఆర్‌లో అంకె తప్పు పడితే దిద్దకూడదు, ఒక్క గీత కొట్టి పక్కన సంతకం, తేదీ వేయాలి. ఇది ట్రైనింగ్‌లోనూ చెప్పారు. నీ కళ్లతో చూడని రీడింగ్ కింద సంతకం పెట్టకు, అడిగినవాడు ఎంత పెద్దవాడైనా సరే, అన్నది మాత్రం ఆయనే చెప్పాడు. పే స్లిప్ చూసుకోవడమూ ఆయన దగ్గరే నేర్చుకున్నాను. బేసిక్‌లో 12 శాతం పీఎఫ్‌కి పోతుంది, కంపెనీ కూడా అంతే వేయాలి, కంపెనీ మారినా పీఎఫ్‌కి ఇచ్చే యూఏఎన్ నంబరు అదే ఉండాలి. ఫైనలియర్‌లో సాఫ్ట్ స్కిల్స్ అని క్లాసులు పెట్టి షేక్‌హ్యాండ్ ఎలా ఇవ్వాలో నేర్పారు మాకు. ప్లాంటులో గ్లౌజులు వేసుకుని ఎవరికిస్తాం షేక్‌హ్యాండ్?

రూమ్ సంగతి అడిగారు కాబట్టి చెబుతున్నా. టు-లెట్ బోర్డు చూసి ఫోన్ చేస్తే "బ్యాచిలరా?" అని పెట్టేస్తారు. బస్సులో ఎక్కేవాళ్లని అడగండి, ఎవరో ఒకరు ఖాళీ చేసే పోర్షన్ ఉంటుంది. నైట్ షిఫ్టులు ఉంటే మేడమీద గది మాత్రం వద్దు. ఏప్రిల్ వస్తే మధ్యాహ్నం రేకుల కింద నిద్ర పట్టదు, కింద ఓనరు గారి సీరియల్ ఆగదు. నైట్ చేసి వస్తారని అడ్వాన్స్ ఇచ్చేముందే చెప్పేయండి.