‘నరం’ అనే మాటతో వచ్చిన చిక్కు

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. నాకు 46 ఏళ్లు. మిర్యాలగూడలో ఇస్త్రీ బండి పెట్టుకుని 22 ఏళ్లయింది. పొద్దున ఏడింటికి నిలబడితే మధ్యాహ్నం ఒక గంట తప్ప రాత్రి తొమ్మిదింటిదాకా కాళ్ల మీదే. ఎడమ పిక్క మీద నరాలు వానపాముల్లా మెలికలు తిరిగి ఉబ్బాయి. సాయంత్రమయ్యేసరికి కాలికి ఇసుక బస్తా కట్టినట్టుంటుంది, రాత్రిళ్లు పిక్క పట్టేస్తుంది. ఏడాదిగా చీలమండ లోపలివైపు చర్మం నల్లబడి దురద పెడుతోంది. నరాల డాక్టరుకు చూపిస్తే బలానికి ఇంజెక్షన్లు రాశారు, పన్నెండు వేయించుకున్నా మార్పు లేదు. మందుల షాపులో బిగుతు సాక్సులు కొన్నాను. బొగ్గుల వేడికి వేసుకోలేక చుట్టి పక్కన పడేశాను. ఒక ఆస్పత్రిలో లేజర్ చేయాలి, లక్ష దాకా అవుతుందన్నారు. నరాన్ని కాల్చేస్తే కాలు చచ్చుబడదా? మా చెల్లెలి అత్తగారికి ఆపరేషన్ చేసిన ఆరేళ్లకు మళ్లీ వచ్చాయి. అలాంటప్పుడు చేయించుకుని లాభమేంటి? షుగర్ లేదు. బీడీలు రోజుకో కట్ట తాగుతాను.
– పేరు వద్దన్న పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: ముందు ఆ పన్నెండు ఇంజెక్షన్ల సంగతి. మెదడు నుంచి కబురు మోసేదాన్నీ మనం నరమే అంటాం, రక్తం మోసేదాన్నీ నరమే అంటాం. సెలైన్ పెట్టే నర్సమ్మ కూడా ‘నరం దొరకట్లేదు సార్’ అనే అంటుంది. అందుకే కాళ్లలో ‘నరాలు’ ఉబ్బినవాళ్లు నరాల డాక్టరు గుమ్మం తొక్కి, బీ12 సూదులు పొడిపించుకుని, ఆ తర్వాత నా దగ్గరికి వస్తుంటారు. మీకు ఉబ్బినవి సిరలు. కాళ్లలోని రక్తాన్ని గుండెకు తిరిగి తీసుకెళ్లే గొట్టాలివి. చూడాల్సింది వాస్క్యులర్ సర్జన్, అంటే రక్తనాళాల సర్జన్. దగ్గర్లో లేకపోతే జనరల్ సర్జన్ దగ్గరికి వెళ్లండి.

పాదం నుంచి గుండె దాకా రక్తం ఎగువకు ఎక్కాలి. దాన్ని పైకి తోసేది మీ పిక్క కండరం. అడుగు వేసినప్పుడల్లా అది సిరల్ని పిండుతుంది. పైకి పోయిన రక్తం మళ్లీ జారకుండా సిరల లోపల చిన్న చిన్న కవాటాలుంటాయి, బోరింగు పంపులో వాషరు లాంటివి. కదలకుండా నిలబడినప్పుడు చీలమండ దగ్గర సిరలో ఒత్తిడి, బీపీ కొలిచే లెక్కలో, 80–90 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. నాలుగడుగులు నడిస్తే 30 లోపుకు పడిపోవాలి. కవాటాలు పాడైన కాలిలో అది సరిగా పడదు. నడిచినా, నిలబడినా బరువు అలాగే ఉంటుంది. నిలబడి చేసే పని ఒక్కటే కారణమని కూడా అనుకోవద్దు. అమ్మకో నాన్నకో ఉంటే మనకూ వచ్చే అవకాశం ఎక్కువ.

మీ ఉత్తరంలో నన్ను ఆపిన మాట ఉబ్బిన నరాలు కాదు, నల్లబడిన చర్మం. ఒత్తిడికి ఎర్ర రక్తకణాలు సన్నని నాళాల్లోంచి చర్మంలోకి కారతాయి. వాటిలోని ఇనుము అక్కడే మిగిలిపోతుంది. ఇస్త్రీ పెట్టె తుప్పు తెల్లచొక్కాకు అంటితే ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. ఇదీ ఆ మరకే, పూర్తిగా పోదు. అక్కడ చర్మం గట్టిపడి, ఒకరోజు గోకితే పుండవుతుంది. ఆ పుండు నెలల తరబడి మానదు. మెలికలు మాత్రమే ఉండి ఏ బాధా లేనివాళ్లకు ‘ఆగి చూద్దాం’ అంటాను. మీకు అనను.

చేయించాల్సిన పరీక్ష వీనస్ డాప్లర్, స్కానింగు లాంటిదే. దీన్ని నిలబెట్టి చేయాలి. పడుకోబెట్టి అయిదు నిమిషాల్లో ముగిస్తే రక్తం ఎక్కడ వెనక్కి జారుతోందో సరిగా తేలదు. నిలబెట్టి చేయమని మీరే అడగండి, మొహమాటం వద్దు.

ఇక ఆ బీడీలు. వాటివల్ల సిరలకంటే ధమనులు, అంటే గుండె నుంచి కాలికి రక్తం తెచ్చే గొట్టాలు, ఎక్కువ పాడవుతాయి. ధమని పూడుకుపోయిన కాలికి బిగుతు సాక్సు వేస్తే ఉన్న రక్తం కూడా అందదు. మందుల షాపులో ఇది ఎవరూ అడగరు. ముందు డాక్టరు మీ పాదం మీద నాడి పట్టి చూడాలి. అవసరమైతే చేతి బీపీ, కాలి బీపీ పోల్చి చూస్తారు. అది బాగుందని తేలాకే ఆ సాక్సులు మళ్లీ తీయండి.

సాక్సులంటే నాకూ విసుగే. ఆపరేషన్ థియేటర్లో గంటల తరబడి నిలబడే పని నాది. పదేళ్లుగా ప్యాంటు కింద వేసుకుంటున్నాను. మొదటి వేసవిలో నేనూ విసిరికొట్టాను. కిటుకేంటంటే కాలు వాచకముందే, పొద్దున మంచం దిగకముందే వేసుకోవాలి. వేళ్ల దగ్గర తెరిచి ఉండే రకం కొనండి. పాదానికి పల్చటి ప్లాస్టిక్ కవరు తొడిగి దాని మీదుగా లాగితే జారుతూ ఎక్కుతుంది, తర్వాత కవరును వేళ్ల వైపు నుంచి లాగేయండి. మోకాలి కింద దాకా ఉన్నది చాలు. చీలమండ, పిక్క చుట్టుకొలత టేపుతో కొలిచి ఇవ్వాలి, చెప్పు సైజు అడిగి ఇస్తే వద్దనండి. క్లాస్ 2 అంటే 23 నుంచి 32 మిల్లీమీటర్ల ఒత్తిడి. రాత్రి తీసేయొచ్చు. ఆరు నెలలకు సాగిపోతాయి, మార్చాలి. ఇవి వేసుకున్నంతసేపే కాపాడతాయి, పాడైన కవాటాన్ని బాగుచేయవు. డయోస్మిన్ మాత్రలూ అంతే, బరువు కాస్త తగ్గిస్తాయి.

కాల్చేస్తే కాలు చచ్చుబడుతుందా అన్నారు. చచ్చుబడదు. కాలి రక్తంలో సుమారు 90 శాతం లోతైన సిరల గుండానే పోతుంది. మేం మూసేది చర్మం కిందున్న, పాడైపోయిన సిరను. గుండె బైపాస్‌కు కాలి నుంచి తీసి వాడేది కూడా ఈ పైసిరనే. అది తీసేశాక వాళ్లంతా నడుస్తూనే ఉన్నారు కదా.

లేజర్‌లో మోకాలి దగ్గర సూదితో సిరలోకి సన్నని ఫైబరు పంపి, డాప్లర్ తెర మీద చూస్తూ గజ్జ దగ్గరి దాకా తీసుకెళ్తాం. సిర చుట్టూ మత్తుమందు కలిపిన సెలైన్ ఎక్కిస్తాం. నొప్పి తెలియకుండా ఉండటానికీ, వేడి చుట్టుపక్కల తగలకుండా ఉండటానికీ అదే అడ్డు. ఫైబరును వెనక్కి లాగుతూ వస్తే సిర లోపల్నుంచి మాడి మూసుకుంటుంది. రేడియో ఫ్రీక్వెన్సీ కూడా ఇదే పద్ధతి. దాని వేడి 120 డిగ్రీలు, మీ పెట్టె కాటన్ చొక్కా మీద నడిచే వేడికంటే తక్కువ. సాయంత్రానికి నడిచి ఇంటికెళ్తారు. కొన్నాళ్లు కమిలినట్టుంటుంది, అక్కడక్కడా తిమ్మిరి ఉండొచ్చు. అరుదుగా లోపలి సిరలో రక్తం గడ్డ కడుతుంది, అందుకే ఆరోజు నుంచే నడవమంటాం. పిక్క మీది మెలికలకు రెండు మూడు మిల్లీమీటర్ల గాట్లు పెట్టి లాగేయడమో, నురుగు మందు ఎక్కించడమో చేస్తారు. జిగురుతో మూసే పద్ధతీ ఉంది, బాగానే పనిచేస్తుంది కానీ ఖరీదెక్కువ. మీకు దాని అవసరం నాకు కనిపించడం లేదు.

డబ్బు కుదరకపోతే పాత ఆపరేషన్ ఉండనే ఉంది. గజ్జ దగ్గర కోసి సిరను కట్టేసి లాగేయడం. నడుముకు మత్తు ఇస్తారు, కోలుకోవడానికి ఎక్కువ రోజులు పడుతుంది. లేజర్ కుదరని వాళ్లకు నేను దాన్ని చులకన చేయను. ఆరోగ్యశ్రీ కింద మీకు ఏది వర్తిస్తుందో ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్రను అడగండి.

మీ చెల్లెలి అత్తగారికి మళ్లీ వచ్చిన మాట నిజమే అయ్యుంటుంది. మూసింది తెరుచుకోవచ్చు, పక్క సిర కొత్తగా పాడవ్వొచ్చు. ఆ ఆరేళ్లూ ఆవిడ కాలు ఎలా ఉందో ఒకసారి అడిగి చూడండి.

బండి మానేయమని నేను చెప్పను. ఒక చిన్న పీట పెట్టుకుని కాళ్లు మార్చి మార్చి దాని మీద పెట్టండి. ఒక్కో చొక్కా మడత పెట్టాక పదిసార్లు మడమలు లేపి దించండి. మధ్యాహ్నం ఆ గంటలో కాలు గుండెకంటే ఎత్తులో పెట్టి పడుకోండి. రాత్రి మంచం కాళ్లవైపు కోళ్ల కింద రెండేసి ఇటుకలు పెట్టండి. నల్లబడిన చోట రోజూ కొబ్బరినూనె రాయండి, గోకకండి.

ప్రశ్న: నాకు ఏడో నెల. రెండు కాళ్ల మీదా నీలం నరాలు తేలాయి. లేజర్ చేయించుకోవాలా?
– ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: ఇప్పుడు వద్దమ్మా. కాన్పయ్యాక చాలావరకు తగ్గుతాయి. మూడు నాలుగు నెలలు చూసి, మిగిలితే అప్పుడు డాప్లర్ చేయిద్దాం. ఎడమవైపు తిరిగి పడుకోండి, సాక్సులు వేసుకోవచ్చు. ఒకే కాలు ఉన్నట్టుండి వాచి నొప్పి పెట్టినా, ఆయాసం వచ్చినా మాత్రం ఆ పూటే ఆస్పత్రికి వెళ్లాలి. అది లోపలి సిరలో రక్తపు గడ్డ కావచ్చు.

ప్రశ్న: మా నాన్నగారు స్నానం చేస్తుండగా చీలమండ దగ్గర ఉబ్బిన నరం చిట్లి రక్తం చిమ్మింది. మోకాలి కింద తువ్వాలు బిగించి కట్టి కుర్చీలో కూర్చోబెట్టాం. ఇంకా ఎక్కువైంది. ఏం చేసి ఉండాల్సింది?
– పాఠకుడు, కర్నూలు

జవాబు: పైన కట్టు కడితే సిర రక్తం వెనక్కి పోయే దారి మూసుకుంటుంది, అందుకే ఎక్కువైంది. మరోసారి జరిగితే నేల మీదే పడుకోబెట్టి, మడమను గోడకు ఆనించి కాలు ఎత్తండి. శుభ్రమైన గుడ్డ మడిచి చిట్లిన చోటే వేలితో గట్టిగా నొక్కండి. పది నిమిషాలు తీసి చూడకుండా నొక్కి ఉంచాలి. ఆగాక అక్కడే మెత్తటి కట్టు కట్టి, కాలు ఎత్తులో ఉంచే ఆస్పత్రికి తీసుకెళ్లండి. ఈసారి ఆగింది కదా అని డాప్లర్ వాయిదా వేయకండి, చిట్లిన చోటే మళ్లీ చిట్లుతుంది.