మాటామంతీ: అత్తగారు కూడా 'తగ్గేదే లే' అంటున్నారు!

ప్రశ్న: మేడమ్, మా అబ్బాయి పదో తరగతి. పుస్తకం తియ్యరా అంటే గడ్డం కింద చెయ్యి తిప్పి 'తగ్గేదే లే' అంటాడు. వాణ్ణి చూసి మా అత్తగారు కూడా నేర్చుకున్నారు. బీపీ మాత్ర వేసుకోమంటే అదే మాట, అదే చెయ్యి! కోప్పడితే 'అంత సీన్ లేదమ్మా' అంటాడు వీడు. ఇంట్లో తెలుగు ఏమైపోతుందోనని టెన్షన్‌గా ఉంది. మాన్పించడం ఎలా?
– ఒక గృహిణి, తెనాలి

జవాబు: మాన్పించకండమ్మా. అత్తగారి చేత మాత్ర మాత్రం వేయించండి.

సినిమా మాటలు మన ఇళ్ళలోకి రావడం ఇవాళ కొత్త కాదు. 'పాతాళ భైరవి' వచ్చింది 1951లో. 'సాహసం శాయరా డింభకా' అని ఇప్పటికీ అంటూనే ఉన్నాం. 1957 నాటి 'మాయాబజార్'లో శిష్యుడొకడు మనవాళ్ళు కానివాళ్ళకి 'తసమదీయులు' అని కొత్త మాట కడితే ఘటోత్కచుడు కసురుకోడు, మెచ్చుకుని వీరతాడు వేయిస్తాడు. ఎవరూ పుట్టించకపోతే మాటలెలా పుడతాయి అన్న ఆయన వాదన నాకు ప్రాణం. పింగళి నాగేంద్రరావు గారు రాసిన ఆ మాట ఇవాళ్టికీ రాజకీయ వార్తల్లో కనిపిస్తుంది. ఇక 'సుత్తి' సంగతి. 1982లో జంధ్యాల గారి 'నాలుగు స్తంభాలాట' వచ్చాక ఆ మాట వీరభద్రరావు, వేలు గార్లకు ఇంటిపేరైపోయింది. విసిగించే కబుర్లకు అంతకంటే సరిపోయే మాట మనకిప్పటికీ దొరకలేదు.

మీవాడి 'సీన్' వేరే రకం. అది ఏ ఒక్క హీరో డైలాగూ కాదు, సినిమా వాళ్ళు పనిలో వాడుకునే మాట. బిల్డప్, ఓవరాక్షన్, ఫ్లాష్‌బ్యాక్, ఎలివేషన్ అన్నీ అలా వచ్చినవే. మొన్న మా వీధిలో కూరగాయల బండి దగ్గర ఒకావిడ వంకాయ తిరగేసి చూసి, 'పుచ్చు వంకాయకి ఇంత బిల్డప్పా!' అంది. బండతను నవ్వి ఐదు రూపాయలు తగ్గించాడు. ఇలాంటివే ఎక్కువ కాలం నిలుస్తాయని నా నమ్మకం. బిల్డప్ ఇస్తాం, సుత్తి కొడతాం, సీన్ ఉంటుంది, ఉండదు. వాక్యం నడిపేది మన తెలుగే కదమ్మా, దానికేం భయం?

ఇంకో మాట. 'తగ్గేదే లే' 2021 డిసెంబరులో 'పుష్ప'తో వచ్చిన చిత్తూరు వైపు యాస. ఆ యాసని, తెలంగాణ యాసని ఎన్నో సినిమాలు రౌడీలకీ, నవ్వించే పాత్రలకీ అంటగట్టిన కాలం నేను చూశాను. ఇప్పుడు దాన్ని మీ తెనాలి కుర్రాడు హీరో మాటగా ముచ్చటపడి పలుకుతున్నాడు. నాకైతే చాలా సంతోషంగా ఉంది.

ప్రశ్న: ఆఫీసులో మేనేజరుతో 'మైండ్ బ్లాక్ అయింది సార్' అనొచ్చా?
– ఒక ఉద్యోగి, హైదరాబాద్

జవాబు: అనండి. 2006లో 'పోకిరి' చూసి ఈలలేసిన కాలేజీ కుర్రాళ్ళే ఇప్పుడు మేనేజర్లు. మెయిల్‌లో మాత్రం రాయకండి.

ప్రశ్న: మా పాప క్లాసులో లావుగా ఉండే ఒక బాబుని పిల్లలంతా ఓ సినిమా కమెడియన్ పాత్ర పేరుతో పిలుస్తున్నరట. మా పాప కూడా అట్లనే పిలుస్తుంది. సరదానే కదా మేడమ్?
– ఒక తండ్రి, కరీంనగర్

జవాబు: కాదండీ. ఆ బాబు తనంతట తాను ఎప్పుడైనా ఆ పేరు చెప్పుకున్నాడా, పిలిచినప్పుడు నవ్వుతున్నాడా, తల దించుకుంటున్నాడా? పాపని కూర్చోబెట్టుకుని అడగండి. పిల్లలు ఇవన్నీ గమనిస్తారు, అడిగితే చెబుతారు. పైన చెప్పిన మాటలు ఎవరి ఒంటినీ వేలెత్తి చూపేవి కావు. ఇది చూపుతోంది. తెరమీద నటుడు డబ్బు తీసుకుని ఆ పాత్ర వేశాడు. ఈ బాబు ఆ వేషం అడగలేదు. రేపటి నుంచి అసలు పేరుతోనే పిలవమని పాపకి చెప్పండి. మిగతా వాళ్ళు మానేదాకా ఆగక్కర్లేదు. క్లాసు టీచరు చెవిన కూడా ఒక మాట వేయండి.