బియ్యం డబ్బా అడుగు కనిపిస్తే…

ప్రశ్న: మా ఆయన మిర్చి యార్డులో హమాలీ. వేసవి సెలవులకు యార్డు మూస్తే ఆ రోజులన్నీ కూలి ఉండదు. అద్దె, గ్యాస్, పిల్లల ఫీజు తలుచుకుంటే నిద్ర పట్టదు. చర్చిలో ‘చింతించకండి’ అంటారు. నాకు విశ్వాసం లేనట్టేనా అక్కా?
– ఒక సోదరి, గుంటూరు

జవాబు: ఆ మాట అనుకోకు చెల్లీ. పిల్లల తల్లికి టెన్షన్ రాకుండా ఎలా ఉంటుంది?

మత్తయి సువార్త 6వ అధ్యాయంలో ‘రేపటిని గూర్చి చింతింపకుడి’ అన్న యేసే, అదే అధ్యాయంలో ‘మా అనుదినాహారము నేడు మాకు దయచేయుము’ అని అడగమన్నాడు. అడిగింది ఈ రోజు తిండే. అరణ్యంలో ఇశ్రాయేలీయులకు దేవుడు కురిపించిన ఆహారం, మన్నా కూడా ఏ రోజుది ఆ రోజే, తెల్లారేదాకా దాస్తే పురుగు పట్టింది. కానీ విశ్రాంతి దినానికి ముందు రోజు రెండింతలు ఏరుకోమన్నాడు దేవుడు. ముందుచూపు తప్పు కాదని నాకు అర్థమైంది అక్కడే.

విజయవాడ కృష్ణలంకలో మేముండే అద్దె గదిలో, బియ్యం డబ్బా అడుగున గ్లాసు గీసుకునే చప్పుడు నాకింకా గుర్తుంది. అమ్మ ఆ డబ్బా మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసేది. వెంటనే వెళ్లి టైలర్ దగ్గర హుక్కులు కుట్టాల్సిన జాకెట్లు తెచ్చుకునేది. ప్రార్థన మానలేదు, సూదీ వదల్లేదు.

అద్దె గురించి ఇంటి ఓనర్లతో యార్డు మూయకముందే మాట్లాడు. చర్చి పెద్దలకు చెప్పుకోడానికి సిగ్గుపడకు, దేవుడి సాయం చాలాసార్లు మనుషుల చేతుల మీదుగానే వస్తుంది. ఈ రాత్రి డబ్బా మూత తీసి చూడు. రేపటికి ఉంటే స్తోత్రం చెప్పి పడుకో. ఫీజు వాయిదాల మాట పొద్దున స్కూల్లో అడగొచ్చు.