మామగారి పాత తుపాకులు, పాత మాటలు

ప్రశ్న: మాది గుంటూరు జిల్లా. మెంఫిస్‌లో ఉద్యోగం. ఏడాది కిందట ఒక అమెరికన్ అమ్మాయిని పెళ్లి చేసుకున్నాను. గ్రీన్‌కార్డు ఇంకా రాలేదు, హెచ్1బి వీసా మీదే ఉన్నాను. మామగారు తెల్లజాతి మనిషి. వయసు 79, మిసిసిపీలో పల్లెటూరు. అత్తగారు పోయాక ఒంటరిగా ఉంటున్నారు. జీవితమంతా వేటే. ఇంట్లో ఏడు పాత తుపాకులు మూలమూలనా ఆనించి ఉంటాయి. మొన్న నవంబరులో ఒక రైఫిల్ సేఫ్టీ (పేలకుండా ఆపే మీట) తీస్తుండగానే పేలి వంటగది పైకప్పుకు రంధ్రం పడింది. ఆయన నవ్వేశారు. సెలవులకు మా బావమరిది పిల్లలు ఆ ఇంట్లోనే ఆడుకుంటారు. పైగా మామగారు భోజనాల దగ్గర నల్లజాతివాళ్లను తక్కువ చేసి మాట్లాడతారు, ‘మీవాళ్లు వేరు’ అని నన్ను మెచ్చుకుంటారు. ఇప్పుడు తన తాతగారి జంట గొట్టాల తుపాకిని నాకు ఇస్తానంటున్నారు. ఎలా నెగ్గుకురావాలి?

జవాబు: రెండు సమస్యలను ఒకే మూటకట్టి పంపారు. ముందు విడదీద్దాం. తుపాకుల సంగతి ఈ వారమే తేలాలి. మాటల సంగతి ఏళ్లు పడుతుంది.

ట్రిగ్గర్ నొక్కకుండా పేలిన రైఫిల్‌ను మళ్లీ నింపకూడదు. లోపల పట్టి ఉంచే కొక్కెం అరిగినా, ఏళ్ల తరబడి పోసిన నూనె జిగురై గట్టిపడినా అలా పేలుతుంది. తాతగారి తుపాకి మీద నాకు ఇంకా అనుమానం. గొట్టాల మీద నీటి అలల్లాంటి చారలు ఉన్నాయేమో చూడండి. ఉంటే అది ఇనుము, ఉక్కు పట్టీలను మెలిపెట్టి అతికిన పాతకాలపు నల్ల తుపాకిమందు నాటి సరుకు కావచ్చు. ఇప్పటి తూటా ఒత్తిడికి అలాంటి గొట్టం చీలవచ్చు. ఇంకో ప్రమాదం చాలామందికి తట్టదు. గేజి అంటే గొట్టం లావు కొలత, అంకె పెరిగేకొద్దీ గొట్టం సన్నబడుతుంది. 20 గేజి తూటా పొరపాటున 12 గేజి గొట్టంలో పడితే లోపలికి జారి ఇరుక్కుంటుంది. దాని వెనక 12 గేజి తూటా పెట్టి పేలిస్తే అంతే సంగతులు. 20 గేజి తూటాలకు పసుపు రంగు వేసేది అందుకే. తెల్లవారుజాము మసకలో, ఈ వయసు చూపుతో ఆ పసుపు ఎంతవరకు కనిపిస్తుంది?

ఈ తుపాకుల మాట మీరు ఎత్తకండి, మీ భార్య, బావమరిది ఎత్తాలి. నిన్న వచ్చిన అల్లుడు చెబితే అది ఆయన చెవికి అవమానంగానే చేరుతుంది. ‘పారేయండి’ అనవద్దు. ‘తుపాకులు బాగుచేసేవాడికి చూపిద్దాం, పనికిరానివాటిని గోడకు వేలాడదీసుకుందాం, మిగిలినవి తాళం వేసిన బీరువాలో పెడదాం, తూటాలు వేరే చోట ఉంచుదాం’ అని చెప్పమనండి. అది జరిగేదాకా పిల్లలు ఆ ఇంటికి వెళ్లకూడదు. ఈ ఒక్కదాంట్లో బేరం లేదు.

మీరు అడగని సంగతి ఒకటి చెప్పాలి. అమెరికాలో తుపాకి చావుల్లో సగానికి పైగా ఆత్మహత్యలే. 75 దాటిన మగవాళ్లలో ఆత్మహత్యల రేటు అన్ని వయసులకన్నా ఎక్కువ. భార్య పోయిన మనిషి, చుట్టూ తుపాకులు. ఆయన సరిగా తింటున్నారా, నిద్రపోతున్నారా అని కూతురు అడగాలి. అనుమానం వస్తే ‘చావాలనిపిస్తోందా’ అని సూటిగానే అడగవచ్చు, అడిగినంత మాత్రాన ఆ ఆలోచన పుట్టదు. 988కి ఫోన్ చేస్తే ఏ వేళలోనైనా మాట్లాడేవాళ్లు ఉంటారు.

కానుక మాటకొస్తే, వీసా మీద ఉన్నవారి దగ్గర తుపాకి ఉండటాన్ని, చెల్లుబాటయ్యే వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులు తప్ప, ఫెడరల్ చట్టం ఒప్పుకోదు. లాయరును అడగకుండా దాన్ని మీ కారులో కూడా పెట్టుకోకండి. మామగారితో ఉన్నమాటే చెప్పండి: ‘నాకు ఇవ్వాలనుకున్నారు, అదే చాలా పెద్ద మాట. కాగితాలు వచ్చేదాకా మీ దగ్గరే ఉంచండి.’ ఆయన దృష్టిలో అది మిమ్మల్ని ఇంటివాడిగా ఒప్పుకోవడం. దాన్ని చిన్నచూపు చూడకండి.

ఇక మాటలు. 1955లో వాళ్ల రాష్ట్రంలోనే 14 ఏళ్ల నల్లజాతి కుర్రాడు ఎమెట్ టిల్‌ను తెల్లవాళ్లు చంపినప్పుడు మీ మామగారు పసివాడు. 1963లో జాక్సన్‌లో నల్లజాతి హక్కుల నాయకుడు మెడ్గర్ ఎవర్స్‌ను ఇంటి ముంగిట వెనకనుంచి రైఫిల్‌తో కాల్చారు. ఆ హంతకుడికి శిక్ష పడింది 1994లో. అక్కడి బడుల్లో చాలావాటిలో తెల్ల, నల్ల పిల్లలు కలిసి కూర్చున్నది 1970లో, అదీ సుప్రీంకోర్టు గద్దించాక. ఆయన ఎక్కడినుంచి మాట్లాడుతున్నారో ఇవి చెబుతాయి. అంతమాత్రాన ఆ మాటలు ఒప్పు కావు. అదే కాలంలో, అవే ఊళ్లలో వేరుగా ఆలోచించిన తెల్లవాళ్లూ ఉన్నారు.

‘మీవాళ్లు వేరు’ అన్న మెప్పును మాత్రం జేబులో వేసుకోకండి. 1923లో భగత్ సింగ్ థింద్ అనే పంజాబీని ‘నువ్వు తెల్లవాడివి కావు’ అని సుప్రీంకోర్టే పౌరసత్వానికి అనర్హుడిని చేసింది. మనవాళ్లకు తలుపు తెరిచిన 1965 వలస చట్టం వచ్చింది నల్లవాళ్లు దెబ్బలు తిని నడిపిన ఉద్యమం ఊపులోనే. నల్లజాతి ఇల్లాలు, తెల్లజాతి భర్త కలిసి కోర్టుకెక్కితేనే జాతులు దాటిన పెళ్లిళ్లపై నిషేధం 1967లో దేశమంతటా పోయింది. ఈసారి ఆయన ఆ మాట అన్నప్పుడు ‘నన్ను మెచ్చుకోవడానికి ఇంకొకరిని తక్కువ చేయవద్దండీ’ అనండి. ఒక్క వాక్యం చాలు, ఉపన్యాసం వద్దు. పిల్లల ముందు మళ్లీ అంటే వాళ్లను తీసుకుని బయటికి నడవండి. అన్నట్టు, ‘నల్లవాళ్లున్న పేటలో ఇల్లు తీసుకోకు’ అని గుంటూరు నుంచి ఫోన్ వచ్చినప్పుడు మీరేమన్నారు? ఈ వాక్యాన్ని ముందు అక్కడ సాధన చేయండి.

వంటగది పైకప్పు రంధ్రం ఇంకా అలాగే ఉందా? ఈ శనివారం మీ దంపతులు, బావమరిది కలిసి వెళ్లి పూడ్చండి. నిచ్చెన మీరు ఎక్కండి, కింద పట్టుకోమని ఆయన్ని అడగండి. బీరువా మాట మీ భార్య అప్పుడు ఎత్తుతుంది.