తుఫాను తీరం దాటింది, ఇక ఇంటికెళ్లిపోవచ్చా?

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లాలో వంశధార గట్టు కింద పల్లపు ఊరు. తుఫానంటే మమ్మల్ని స్కూల్లో పెడతారు. తీరం దాటిందని టీవీలో చెప్పడం ఆలస్యం, మా అత్తయ్య గేదెలు ఆకలికి అరుస్తుంటాయి పోదాం పదమని ఒకటే గొడవ. నాకేమో టెన్షన్. గాలి తగ్గాక కూడా భయపడాలా?
- ఒక పాఠకురాలు

జవాబు: భయపడాలమ్మా. మీలాంటి ఊళ్లకు అసలు ప్రమాదం చాలాసార్లు అప్పుడే మొదలవుతుంది. వంశధార పుట్టేది ఒడిశా కొండల్లో, కలహండి వైపు. తుఫాను మన తీరం దాటి ఆ కొండల మీద కుమ్మరిస్తే ఆ నీళ్లన్నీ దిగి రావాల్సింది మీ ఊరి పక్కనుంచే, మీ దగ్గర ఎండ కాస్తున్నా సరే. 2018లో తిత్లీ తుఫాను అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది, వంశధార పొంగింది ఆ తర్వాతే.

మీకు ఎగువన వంశధార మీదున్న గొట్టా బ్యారేజీ ఆపేస్తుందిలే అనుకునేవాళ్లున్నారు. అది కాలువలకు నీళ్లు మళ్లించడానికి కట్టింది, పెద్ద వరదను దాచుకునే చోటు దానికి లేదు, వచ్చింది వచ్చినట్టు వదిలేయాల్సిందే. కాబట్టి గొట్టా దగ్గర ఎన్ని క్యూసెక్కులు వస్తున్నాయి, పెరుగుతోందా తగ్గుతోందా అని సచివాలయంలో అడగండి. తగ్గుతోందన్నా, ఏరు సముద్రంలో కలిసే కళింగపట్నం దగ్గర సముద్రం పోటు మీదుంటే వరద తొందరగా తియ్యదు, అది గుర్తుంచుకోండి.

ఇంకోటి, గట్టు. వరద రాకముందే ఊళ్లో కుర్రాళ్లను తీసుకెళ్లి గట్టుకి ఊరివైపు అడుగున చూడమనండి. ఎలుక బొరియలుంటే ఇప్పుడే మట్టి కూరి దిమ్మిస చేయించాలి. వరదప్పుడు అక్కడ ఊట కనిపిస్తే, తేటగా ఉంటే కాపలా పెట్టి అధికారులకు చెప్పండి, బురదగా వస్తే మాత్రం గట్టు లోపల మట్టి కొట్టుకుపోతున్నట్టే. గండి పడటానికి ఎంతోసేపు పట్టదు, ఇంకేం చూడకుండా ఊరు ఖాళీ చేయండి.

మీ అత్తయ్యగారి బాధ నాకు అర్థమవుతోంది, గేదెలే ఆ ఇంటికి ఆధారం అయినప్పుడు మనసు అక్కడే ఉంటుంది. వాటిని ముందురోజే మెరకకి తోలేసి రెండు మోపుల గడ్డి అక్కడే పడేయండి. అదీ కుదరకపోతే వచ్చేముందు పలుపులు విప్పేయండి, గేదె ఈదుతుంది, కట్టేసి ఉంటే ఏం చేస్తుంది పాపం. పాసు పుస్తకాలు, ఆధార్ కార్డులు, ఆవిడ బీపీ మాత్రలు ఒక ప్లాస్టిక్ కవర్లో పెట్టి మీ దగ్గరే ఉంచుకోండి, వాటికోసం మళ్లీ ఇంటికెళ్లే పని ఉండకూడదు. దారిలో గెడ్డ (వాగు) రోడ్డు మీద పారుతుంటే మోకాలి లోతే కదా అని దిగొద్దు, మగవాళ్లను కూడా దిగనివ్వొద్దు.