టాలెంట్, తలాంతు ఒకటేనా?

సందేహం: "దేవుడిచ్చిన తలాంతులను వాడుకోవాలి" అని ప్రసంగాల్లో తరచు వింటాం. పాడటం, రాయడం, బోధించడం వంటి ప్రతిభలనే అక్కడ తలాంతులు అంటున్నారు. బైబిలు నిఘంటువులో మాత్రం తలాంతు అంటే డబ్బు అని ఉంది. ఏది సరి? ఇంగ్లీషు టాలెంట్‌కు తలాంతును తెలుగు మాటగా వాడవచ్చా?

సమాధానం: టాలెంట్, తలాంతు పుట్టుకలో ఒకటే, ఇప్పటి అర్థంలో కావు. రెండింటికీ మూలం గ్రీకు 'తాలంతొన్'. దానికి మొదటి అర్థం త్రాసు. గ్రీకు ఇతిహాసం ఇలియడ్‌లో వీరుల చావుబతుకులను తేల్చడానికి జ్యూస్ దేవుడు పైకెత్తే బంగారు త్రాసుకు కవి హోమర్ వాడింది ఈ మాటే. సంస్కృతంలోని 'తుల' దీనికి జ్ఞాతి పదం. ఎత్తడం, మోయడం అనే అర్థమున్న ఒకే ప్రాచీన ధాతువు నుంచి రెండూ వచ్చాయి. పోలిక ఉంది కదా అని 'తూకం'ను కూడా ఇందులో కలపకూడదు. అది 'తూగు' నుంచి వచ్చిన మన మాట.

త్రాసు పేరు క్రమంగా త్రాసులో తూచిన బరువుకు, ఆ తరువాత అంత బరువున్న వెండికి పేరయింది. ఏథెన్సు లెక్కలో తలాంతు సుమారు 26 కిలోలు. 100 ద్రాక్మాలు (గ్రీకు వెండి నాణేలు) ఒక మినా, 60 మినాలు ఒక తలాంతు. అంటే తలాంతుకు 6,000 ద్రాక్మాలు. తలాంతు అనే నాణెం ఏదీ లేదు, అది లెక్కకు వాడిన కొలమానం మాత్రమే.

పాత నిబంధనలో తలాంతుకు సమానమైన హీబ్రూ మాట 'కిక్కార్', గుండ్రనిది అని దాని అర్థం. దాని విలువ ఎంతో నిర్గమకాండం 38వ అధ్యాయంలోనే తేలిపోతుంది. 6,03,550 మంది తలకు అర తులం చొప్పున ఇచ్చిన వెండి 100 కిక్కార్‌లు, మరో 1,775 తులాలు అయిందని అక్కడ ఉంది. (ఇక్కడ తులం అంటున్నది హీబ్రూ షెకెల్‌ను, మన బంగారు తులాన్ని కాదు.) మొత్తం 3,01,775 తులాలు. చివరి 1,775 తీసేస్తే మిగిలేవి 3,00,000. కాబట్టి ఒక కిక్కార్‌కు 3,000 తులాలు.

కొత్త నిబంధనలో ఈ మాట డబ్బుగా కనిపించేది మత్తయి సువార్తలోనే. 18వ అధ్యాయంలోని ఒక ఉపమానంలో ఒక దాసుడు రాజుకు పదివేల తలాంతులు అచ్చి (బాకీ) ఉంటాడు. అతనికి తోటి దాసుడు అచ్చి ఉన్నది నూరు దేనారాలు. దేనారం ఒక రోజు కూలి అని అదే సువార్త 20వ అధ్యాయంలో ఉంది. దేనారం, ద్రాక్మా ఇంచుమించు సమానం కాబట్టి ఒక్క తలాంతే ఒక కూలివాడికి 6,000 రోజుల సంపాదన, వారానికి ఆరు రోజులు పనిచేసినా పంతొమ్మిదేళ్ల పైమాట. ఈ లెక్క తెలియకుండా చదివితే ఆ ఉపమానంలోని బలం సగం పోతుంది. ఇక ప్రకటన 16వ అధ్యాయంలోని వడగండ్లకు తలాంతు బరువు అని గ్రీకులో ఉంటే, తెలుగు బైబిలు దాన్ని మణుగుల్లో చెప్పింది. డబ్బయిన చోట మూలపదాన్ని ఉంచి, బరువైన చోట మనకు తెలిసిన కొలత పెట్టడం మంచి వివేకం.

మీ సందేహానికి అసలు కీలకం మత్తయి 25వ అధ్యాయంలో ఉంది. అక్కడి ఉపమానంలో యజమాని తన దాసుల్లో ఒకనికి అయిదు, ఒకనికి రెండు, ఒకనికి ఒకటి తలాంతులు ఇస్తాడు. ఎలా ఇచ్చాడు? 'ఎవని సామర్థ్యము చొప్పున వానికి'. ఈ నాలుగు మాటలను చాలామంది దాటేసి చదువుతారు. సామర్థ్యం ముందే ఉంది, దాన్ని చూసి తలాంతులు ఇచ్చాడు. కాబట్టి ఈ కథలో తలాంతు, సామర్థ్యం రెండూ ఒకటి కావు. మూడోవాడు భూమిలో పాతిపెట్టిన దాన్ని ఆ వాక్యమే 'సొమ్ము' అంటుంది.

మరి ప్రతిభ అనే అర్థం ఎక్కడిది? ఈ ఉపమానానికి చెప్పిన వ్యాఖ్యానాల నుంచే వచ్చింది. మధ్యయుగపు లాటిన్‌లో, పాత ఫ్రెంచిలో ఈ మాటకు కోరిక, మనసు మొగ్గు అనే అర్థం ఏర్పడింది. ఆ తరువాత, దేవుడు అప్పగించిన సొమ్ము అంటే దేవుడిచ్చిన శక్తి అని ఉపమానాన్ని అన్వయించడం వల్ల, 15వ శతాబ్దపు ఇంగ్లీషులో సహజ సామర్థ్యం అనే అర్థం వచ్చింది. చూపు పోయిన ఇంగ్లీషు కవి మిల్టన్ తన ప్రసిద్ధ సానెట్‌లో (పద్నాలుగు పాదాల పద్యంలో) సొమ్ము, సామర్థ్యం అనే రెండర్థాలనూ కలిపి వాడాడు. కాలక్రమంలో ఉపమానం వెనక్కు పోయి ప్రతిభ ఒక్కటే మిగిలింది. ఆ ఇంగ్లీషు అర్థమే ఇప్పుడు మన ప్రసంగాల్లోని తలాంతు మీదికి ఎక్కింది.

ఉపమానాన్ని అన్వయిస్తూ "మీకున్న తలాంతు ఏదైనా" అంటే అది రూపకం, తప్పు పట్టను. బైబిలు వాక్యానికి అర్థం చెప్పేటప్పుడు మాత్రం తలాంతు అంటే ప్రతిభ అని చెప్పడం పొరపాటే. దేవుడిచ్చిన శక్తి అనడానికి మొదటి కొరింథీ పత్రిక 12వ అధ్యాయంలో 'కృపావరములు' అనే చక్కని మాట ఉండగా వేరొకటి వెతకనక్కరలేదు.

మతసంబంధం లేని రాతల్లో టాలెంట్‌కు ప్రతిభ అనే రాయండి, తలాంతు వద్దు. నైపుణ్యం కూడా దీనికి సరిపోదు. కావ్యరచనకు కారణాలు చెబుతూ సంస్కృత అలంకారికుడు మమ్మటుడు పుట్టుకతో వచ్చే శక్తిని, చదివి చూసి సంపాదించే నిపుణతను వేరువేరుగా పేర్కొన్నాడు. ప్రతిభ మొదటిది, నైపుణ్యం రెండోది.

ఇక వర్ణక్రమం. తమిళ, మలయాళ బైబిళ్లలో దీర్ఘం మొదటి అక్షరానికి ఉంది, తాలందు అన్నట్టుగా. తెలుగులో అది 'లా' మీదికి వచ్చింది. గ్రీకుకు దగ్గరగా ఉంటుందని తాలంతు అని దిద్దకండి. తలాంతు అనే రూపం మనకు స్థిరపడింది.