రెండో గేరును ఎంతవరకు లాగాలి? ఒక మెకానికల్ విద్యార్థి ప్రశ్నకు జవాబు

ప్రశ్న: కాకినాడలో బీటెక్ మెకానికల్ రెండో సంవత్సరం చదువుతున్నాను. కారు అతి త్వరగా వేగం అందుకోవాలంటే గేరు ఎప్పుడు మార్చాలన్న విషయంపై స్నేహితులతో నెల రోజులుగా వాదన నడుస్తోంది. టార్క్ (ఇంజన్ తిప్పే బలం) గరిష్ఠంగా ఉన్న చోట మార్చాలని నేను, రెడ్‌లైన్ (ఇంజన్ తిరగడానికి అనుమతించిన గరిష్ఠ వేగం) దాకా లాగాలని వాళ్లు. తరగతి పాఠాల మీద నాకు ఇంత శ్రద్ధ లేదు. 'కార్ల పిచ్చి అన్నం పెట్టదు, ఏదైనా సాఫ్ట్‌వేర్ కోర్సులో చేరు' అని నాన్న అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు వాదన తేల్చుకుందాం, ఎందుకంటే మీ కెరీర్ ప్రశ్నకు జవాబు కూడా అందులోనే ఉంది. ఈ విషయంలో మీ స్నేహితులే సత్యానికి దగ్గరగా ఉన్నారు. కానీ కారణం వాళ్లు కూడా చెప్పలేదు.

మీరు ఇంజన్‌ను చూస్తున్నారు. కారును ముందుకు నెట్టేది మాత్రం చక్రం దగ్గరి టార్క్. ఇంజన్ టార్క్‌ను గేరు నిష్పత్తితో (గేర్‌బాక్స్ బయటి ఇరుసు ఒక చుట్టు తిరగడానికి ఇంజన్ తిరిగే చుట్లు) హెచ్చవేస్తేనే అది తెలుస్తుంది. గేర్‌బాక్స్ తర్వాత వచ్చే ఫైనల్ డ్రైవ్ నిష్పత్తి అన్ని గేర్లకూ ఒకటే కాబట్టి, పోలిక కోసం దాన్ని లెక్కలోంచి వదిలేద్దాం. ఒక మామూలు 1.2 లీటర్ల పెట్రోల్ ఇంజన్ తీసుకోండి. 4400 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజన్ తిరిగే చుట్లు) దగ్గర గరిష్ఠ టార్క్ 113 న్యూటన్ మీటర్లు, 6000 దగ్గర గరిష్ఠ పవర్ (టార్క్, ఆర్‌పీఎం రెండూ కలిసి నిర్ణయించేది) 66 కిలోవాట్లు అనుకుందాం. రెండో గేరు నిష్పత్తి 1.9, మూడో గేరుది 1.3. మీరు చెప్పినట్టు 4400 దగ్గర రెండు నుంచి మూడుకు మారితే ఆర్‌పీఎం దాదాపు 3000కు పడిపోతుంది. అప్పటిదాకా చక్రానికి 113 ఇంటు 1.9, అంటే సుమారు 215 అందుతోంది. మారిన క్షణాన ఇంజన్ 105 ఇచ్చినా, 1.3తో హెచ్చవేస్తే వచ్చేది 136. మూడో వంతుకు పైగా బలాన్ని చేతులారా వదులుకున్నట్టే. పికప్ పోయిందని కారులో కూర్చున్నవాళ్లకు కూడా తెలిసిపోతుంది.

ఇప్పుడు 6000 దాకా ఆగి చూడండి. అక్కడ ఇంజన్ టార్క్ 105కు తగ్గింది. అయినా చక్రానికి 200 అందుతోంది. అదే వేగంలో మూడో గేరుకు మారితే ఇంజన్ 4100 దగ్గర తిరుగుతూ, గరిష్ఠ టార్క్‌కు చేరువలో ఉండి కూడా 146 మించి ఇవ్వలేదు. రెడ్‌లైన్ 6500 అనుకుని, అక్కడ టార్క్ 92కు జారిపోయిందనుకున్నా రెండో గేరుదే పైచేయి. అందుకే ఈ ఇంజన్‌తో రెండో గేరును రెడ్‌లైన్ దాకా లాగాల్సిందే.

సూత్రం ఇది: పై గేరులో చక్రానికి అందే టార్క్, ఇప్పుడున్న గేరులో అందేదానితో సమానమయ్యే చోట గేరు మార్చాలి. రెడ్‌లైన్ లోపు ఆ సమానత రాకపోతే రెడ్‌లైన్ దగ్గరే మార్చాలి. పవర్ భాషలో చెప్పాలంటే, మార్చక ముందు, మార్చిన తర్వాత ఇంజన్ ఇచ్చే పవర్ సమానంగా ఉండాలి. ఆ చోటు దాదాపు ఎప్పుడూ గరిష్ఠ పవర్‌ను కాస్త దాటాకే వస్తుంది.

మీ స్నేహితులకు పూర్తి మార్కులు వేయకపోవడానికి కారణం డీజిల్ కార్లు. టర్బో డీజిల్‌లో గరిష్ఠ పవర్ సాధారణంగా 4000 ఆర్‌పీఎం దగ్గరే వస్తుంది. ఆ పైన బలం వేగంగా పడిపోతుంది. రెడ్‌లైన్ 5000 దగ్గర ఉంది కదా అని అక్కడిదాకా లాగితే శబ్దం పెరుగుతుంది తప్ప కారు ముందుకు దూకదు. పై గేర్లలో నిష్పత్తులు దగ్గరగా ఉంటాయి కాబట్టి పెట్రోల్ కారులో కూడా నాలుగు నుంచి అయిదుకు మారే చోటు రెడ్‌లైన్ కంటే కాస్త ముందే రావచ్చు. క్లచ్ తొక్కి గేరు వేసే ఆ అర సెకనులో చక్రాలకు అందే బలం సున్నా అన్నది మరో సంగతి. రెండో గేరు గంటకు 95 కిలోమీటర్ల దగ్గర అయిపోయే కారు, 105 దాకా వెళ్లే కారు ఒకే బలంతో ఉన్నా, సున్నా నుంచి 100 పరుగులో రెండోదానికి ఒక మార్పు తప్పుతుంది. గేర్‌బాక్స్ రూపొందించేవాళ్లు ఇలాంటి వాటి మీద ఎంతో సమయం వెచ్చిస్తారు.

దయచేసి వీటిని రోడ్డు మీద పరీక్షించకండి. హడావిడిలో మూడు బదులు ఒకటో గేరు పడితే ఇంజన్ రెడ్‌లైన్‌ను దాటి తిరిగి వాల్వులు వంగిపోవచ్చు. అంతకంటే ముఖ్యం, రోడ్డు మీద మీరొక్కరే లేరు. లెక్కకు స్ప్రెడ్‌షీట్ చాలు.

ఇక కెరీర్. మీరు నెల రోజులుగా వాదిస్తున్న విషయం ఒక ఉద్యోగం. దాన్ని పవర్‌ట్రెయిన్ కాలిబ్రేషన్ అంటారు. ఆటోమేటిక్ కారు ఏ వేగంలో, యాక్సిలరేటర్ ఎంత తొక్కితే, ఏ గేరుకు మారాలో నిర్ణయించే పట్టికలను ఈ ఇంజనీర్లు తయారు చేస్తారు. ఆ పనిలో చాలా భాగం కంప్యూటర్ నమూనాలతో, కోడ్‌తో సాగుతుంది. కాబట్టి మీ నాన్నగారి మాటను కొట్టిపారేయకండి. ఆయన చెప్పిన సాఫ్ట్‌వేర్‌లో మీకు కావలసింది లెక్కలకు, నమూనాలకు వాడే మ్యాట్‌ల్యాబ్, సిమ్యులింక్, ప్రోగ్రామింగ్ భాష పైథాన్. గేర్‌బాక్సులు తయారుచేసే జడ్‌ఎఫ్‌కు, హ్యుందాయ్‌కి హైదరాబాద్‌లోనే ఇంజనీరింగ్ కేంద్రాలున్నాయని ఆయనకు చెప్పండి. పుణెలోని ఏఆర్‌ఏఐ (ఆటోమోటివ్ రీసెర్చ్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా) వాహన పరీక్షలకు పేరున్న సంస్థ. ఆటోమోటివ్‌లో ఎంటెక్ చేయాలనుకుంటే గేట్ ప్రవేశ పరీక్షకు ఇప్పటి నుంచే సిద్ధపడాలి.

మీ కాలేజీలో ఎస్‌ఏఈ (ఆటోమోటివ్ ఇంజనీర్ల సంఘం) విద్యార్థి బృందం ఉంటే ఈ వారమే చేరండి. లేకపోతే నలుగురిని కూడగట్టండి. ఎగుడుదిగుడు నేలపై నడిచే బండ్ల బాహా ఎస్‌ఏఈ ఇండియా పోటీలకో, కోయంబత్తూరు కారి మోటార్ స్పీడ్‌వేలో జరిగే విద్యార్థుల రేసు కార్ల పోటీ ఫార్ములా భారత్‌కో బండి తయారు చేసిన విద్యార్థికి, ఇంటర్వ్యూలో చెప్పడానికి సొంత అనుభవం ఉంటుంది. అందులో గేరు నిష్పత్తుల బాధ్యత అడిగి మరీ తీసుకోండి.

ఎలక్ట్రిక్ కార్లు వచ్చాక గేర్ల చదువు వృథా కాదా అని మీ నాన్నగారు అడగవచ్చు. సరైన ప్రశ్నే. 2023 ఫిబ్రవరిలో హుస్సేన్ సాగర్ ఒడ్డున పరుగెత్తిన 'ఫార్ములా-ఈ' ఎలక్ట్రిక్ రేసు కార్లలో డ్రైవర్లు గేర్లు మార్చలేదు. మోటార్ సున్నా వేగం నుంచే పూర్తి టార్క్ ఇస్తుంది కాబట్టి చాలా ఎలక్ట్రిక్ కార్లకు ఒకే నిష్పత్తి సరిపోతుంది. అయినా పోర్షే కంపెనీ తన ఎలక్ట్రిక్ కారు టైకాన్ వెనుక ఇరుసుకు రెండు గేర్లు పెట్టింది. రెండోది అవసరమా, ఏ వేగంలో మార్చాలి అని తేల్చేది మీరు ఇప్పుడు నేర్చుకునే ఈ లెక్కే.

ఈ ఆదివారం ఏదైనా ఒక కారు టార్క్ వక్రరేఖ, గేరు నిష్పత్తులు సంపాదించండి. ప్రతి 250 ఆర్‌పీఎంకు ఒక వరుస చొప్పున, అయిదు గేర్లకూ చక్రం దగ్గరి టార్క్ లెక్కకట్టి, కారు వేగానికి ఎదురుగా గీతలు గీయండి. గీతలు ఎక్కడ కలుస్తాయో, ఎక్కడ కలవవో చూడండి. ఆ పని రాత్రి దాకా మిమ్మల్ని కదలనివ్వకపోతే, సోమవారం అదే కాగితం తీసుకుని మీ నాన్నగారి పక్కన కూర్చోండి.